శ్రీదుర్గ లేకపోతే నెట్ రాదు

శ్రీదుర్గ చేసిన పొరపాటల్లా పని నేర్చుకోవడమే. గుంటూరు పక్కనున్న ఆ యూనివర్సిటీ లైబ్రరీలో కంప్యూటర్లకు లైన్లు లాగుతూ కాంట్రాక్టరు సగంలో పారిపోతే, పుస్తకాలు చూసుకోవలసిన ఈ అసిస్టెంట్ లైబ్రేరియన్ కొంగు దోపి మిగతా సగం తనే పూర్తిచేసింది. అప్పట్నుంచి నెట్ ఆగిందంటే చాలు, అందరికీ ఆవిడే గుర్తొస్తుంది. ఇంకెవరైనా నేర్చుకుంటారా అంటే, ఎందుకు నేర్చుకుంటారు, ఆవిడుందిగా.

ఇప్పుడు తాడేపల్లిలో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఇల్లూ, భర్తా, పసిపిల్లా అక్కడే. ఇక్కడి రిలీవింగ్ ఆర్డరు లేనిదే వాళ్ళు చేర్చుకోరు, గడువేమో ఈ సాయంత్రమే. లైబ్రేరియన్ త్యాగరాజు గారు సంతకం పెట్టరు. "టీమ్ వచ్చి వెళ్ళనివ్వమ్మా," అంటారు.

యూనివర్సిటీని తనిఖీ చేసి గ్రేడు ఇచ్చే ఆ టీమ్ ఇవాళే దిగింది. హాలు నిండుగా కనపడాలని పిహెచ్‌డీ పిల్లల్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. టీమ్ గడప దాటేదాకా కదలొద్దని హుకుం. టీమ్ పెద్దాయన ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో జర్నల్ నొక్కాడు. తెరుచుకోలేదు. త్యాగరాజు గారు తేలు కుట్టిన దొంగలా నిలబడి శ్రీదుర్గ వైపు చూశారు.

శ్రీదుర్గ కదల్లేదు. పై అంతస్తులో నెట్‌వర్క్ పెట్టె వేడెక్కి మొరాయించిందని ఆవిడకు తెలుసు. అయినా నోరు విప్పదలచుకోలేదు. చేతకానిదని తేలితే ఈపూటే సాగనంపుతారని ఆశ.

వెనక కుర్చీలోంచి భవ్య చెయ్యి పట్టుకుంది. పొదిలి రైతుబిడ్డ, మిరప తెగులు మీద పరిశోధన చేస్తోంది. "అక్కా, నా పేపరు పంపడానికి మధ్యాహ్నమే ఆఖరు. సగం ఎక్కి ఆగిపోయింది. హాస్టలుకి పోయి పంపుకుందామంటే వీళ్ళు లేవనివ్వట్లేదు," అంది.

ఛీ, ఏం బతుకిది అనుకుంది శ్రీదుర్గ. మెట్లెక్కి పెట్టె ఆపి, చల్లారాక మళ్ళీ వేసింది.

జర్నల్ తెరుచుకుంది. ఎవరు చేశారని పెద్దాయన అడిగాడు.

"మా శ్రీదుర్గండీ. ఈవిడ లేకపోతే మా లైబ్రరీ లేదు," అన్నారు త్యాగరాజు గారు, నిజంగానే గర్వపడుతూ. ఇలాంటి మనిషిని వదులుకోవద్దని పెద్దాయన అందరి ముందూ చెప్పాడు.

కార్లు వెళ్ళాక ఆవిడ ఆర్డరు అడిగింది.

"విన్నావు కదమ్మా. అంత మాట అన్నాక నిన్నెలా పంపను? నన్ను బతకనిస్తారా?" అన్నారాయన.

శ్రీదుర్గ హాల్లోకి వచ్చింది. భవ్య ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"పేపరు వెళ్ళిపోయిందక్కా, మీ పుణ్యం. రేపు ఇంకోటి పంపాలి. ఉంటారుగా?"

"ఎక్కడికి పోతానమ్మా," అంది శ్రీదుర్గ.