సమాధానమునకై విడిచిన మౌనము

మాఘమాసాంతప్రభాతమున సాలూరు చుట్టునుగల గిరిశిఖరముల నావరించిన హిమధవళయవనిక తరుణారుణకిరణస్పర్శచే మెల్లమెల్లగా దొలగుచుండ, జీడిమామిడిపూతల వగరు పరిమళమును మోసికొని వచ్చు శీతలసమీరము ఊరిచివరి కళాశాల కిటికీలలో దూరి స్వేచ్ఛగా విహరించుచుండెను. అట్టి రమణీయవేళ నొక ద్రోహము జరుగునని యెవరు తలంతురు!

ఆ కళాశాలలో గణితము బోధించు రాజ్యలక్ష్మి ఏటేట నియామకము పొడిగించిననేగాని కొలువు నిలువని యధ్యాపకురాలు. లెక్కలో నొక్కొక్క మెట్టు ముగియగనే "తెలిసిందా అమ్మా?" యని యడిగి, ఒక్కరైనను బదులు పలుకువఱకు సుద్దముక్క కదల్పక నిలుచుట యామె యలవాటు. హిమబిందువను శిష్యురాలు పచ్చకామెర్లతో మంచము పట్టినపుడు రాజ్యలక్ష్మి తన పాఠములన్నిటిని ఇంటికడ ఫోనులో చిత్రీకరించి పంపెను. ఎదుట నెవ్వరును లేకున్నను అలవాటు మానక, ఆ పిల్ల ఆలోచించుకొనుటకై ప్రతిప్రశ్న వెనుకను కొంత మౌనము విడిచెను. తరగతిలో ఫోనులను నిషేధించిన ప్రధానాచార్యునితో వాదించి, "పిల్లల్ని నమ్మండి సార్, చదువుకే వాడతారు, నాది పూచీ" యని యనుమతి సంపాదించినదియు నామెయే.

ఆ పాఠములు చేతులు మాఱి తరగతియంతయు వ్యాపించెను. ప్రధానాచార్యుడును ఊరకుండలేదు. నిషేధించిన నోటితోనే ఫోనులను మెచ్చుకొని, ఆనాడు విద్యార్థుల సమావేశపఱచి, వచ్చు సంవత్సరమున నీ పాఠములే చాలునా, మేడమ్‌గారును ఉండవలెనా యని యామె యెదుటనే నిర్మొగమాటముగా నడిగి, చాలునన్నవారిని చేయెత్తుమనెను. రాజ్యలక్ష్మి చిఱునవ్వుతో నిలుచుండెను. పాపము, ఆమెకు లవలేశమైనను వెఱపు లేదు.

చేతులు లేచెను. తొలుత వెనుకబల్లలవి, పిమ్మట నడిమివి, తుదకు మొదటిబల్లనుండి హిమబిందు చేయి. గురువు చూపు తనపై నిలుచుటయు ఆ పిల్ల తలవంచుకొని లేచెను.

"ఏమీ అనుకోకండి మేడమ్. ఫోన్లో అయితే ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పుకోవచ్చు. క్లాసులో మీరు అడిగి ఆగిపోతారు. అందరి ముందూ తెలీలేదని చెప్పాలంటే సిగ్గు."

ఆ సిగ్గు ఈ ముక్క చెప్పునపుడు ఎక్కడికి పోయెనో! తన గొంతే తన కొంప దీసినదనియు, ఆ గొంతును వారి చేతికి స్వయముగా నిచ్చినది తానేయనియు రాజ్యలక్ష్మి గ్రహించెను. తన సంచియు గొడుగును దీసికొని బయటికి నడచెను.

వసారా దాటుచుండగా తరగతిలోనుండి తన కంఠమే వినవచ్చెను. పరీక్షలు దగ్గఱపడెను గదా, పిల్లలు అప్పుడే చదువు మొదలుపెట్టిరి.

"తెలిసిందా అమ్మా?"

అలవాటుచే నామె పాదములు నిలిచెను. కిటికీలోనుండి చూడగా హిమబిందు బొటనవ్రేలితో తెరను ముందునకు ద్రోయుచుండెను. తనకొఱకు విడిచిన మౌనము క్షణములో దాటిపోయెను, తరువాతి మెట్టు మొదలయ్యెను. వసారాలోని యామె మాత్రము బదులుకై యింకను నిలిచియుండెను.