హోబర్ట్ వస్తున్నాడు, సౌండు తగ్గించండి

"మిమ్మల్ని ఏ అరలో పెట్టాలి మేడమ్?" అన్నాడు ఫోన్లో రికార్డుల కంపెనీ మనిషి. "ఒక పాటేమో బ్లూస్. ఒకటి మెక్సికో వాల్ట్జ్. ఒకటి వాయిద్యాల్లేని చర్చి పాట. ఇంకోటి డాన్సు హాలు గంతులు. ఒకే ఆల్బమ్‌లో ఇన్ని రకాలైతే వినేవాళ్ళు తికమకపడరూ?"

"అరలో పెట్టడానికి నేనేమైనా ఊరగాయ జాడీనా నాయనా?" అంది వెల్డా ప్రూయిట్.

"అది కాదండీ. మీ పేరు చెప్తే ఏడుపు పాటలే గుర్తొస్తాయి జనానికి. అవే ఓ పది పాడి ఇస్తే..."

"జనం నీకు ఫోన్ చేసి చెప్పారా? ఏడ్చి ఏడ్చి నా కళ్ళు ఎండిపోయాయి. కావాలంటే నువ్వు ఏడువు, నేను వాయిస్తాను. పెట్టెయ్ ఫోను."

పెట్టెయ్యమంది గానీ తనే పెట్టేసింది, వంటింటి గోడకున్న కొక్కెం ఊడి వచ్చేంత గట్టిగా. తర్వాత సగం తిన్న టమాటా శాండ్‌విచ్ వంక కాసేపు చూసి, దాన్ని కుక్కకు విసిరేసింది. ఒళ్ళు మండితే వెల్డాకు తిండి సహించదు. ఆ వేసవంతా ఆమె చిక్కిపోతూనే ఉంది.

టెనెసీ కొండల్లో ఆమె గొంతు తెలియని ఇల్లు లేదు. ఆ గొంతును లోకానికి పరిచయం చేసింది క్లిఫర్డ్ మేస్ అనే నిర్మాత. నొక్కిందీ అతనే. ఏ పాట పాడాలో, ఏ శ్రుతిలో పాడాలో, ఏ గౌను వేసుకోవాలో, ఏ మాట దగ్గర గొంతు వణకాలో అన్నీ అతనే తేల్చేవాడు. ఆమెకు బ్లూస్ పాడాలని ఉండేది. "ఆడది గుమ్మంలో నిలబడి ఏడిస్తేనే రికార్డులు అమ్ముడుపోతాయి వెల్డా," అనేవాడు. ఆమె ఏడ్చింది. రికార్డులు అమ్ముడుపోయాయి. మేస్ పోయి కూడా చాలాకాలమైంది. చచ్చినవాణ్ణి క్షమించాలమ్మా అని పాస్టరు నచ్చజెప్పబోతే, "వాణ్ణి ముందు అడగమనండి, చూద్దాం," అందట.

అందుకే ఈసారి నిర్మాత కూడా తనే. నాన్న పొగాకు ఆరేసిన పాత కొట్టంలో మైకులు పెట్టించింది. మూతబడిన రేడియో స్టేషన్ నుంచి రీలు టేపు మిషను తెప్పించింది. పద్ధతి కూడా ఆమే పెట్టింది. అందరూ ఒకే చోట కూర్చుని ఒకేసారి వాయించాలి, అది నేరుగా టేపు మీదికి వెళ్ళాలి. తర్వాత ఎవడూ వచ్చి ఒకర్ని పెంచి ఒకర్ని దించే వీలుండకూడదు. ఒక్క పాట తప్ప అన్నీ అలాగే అయిపోయాయి.

మిగిలింది "నీ పళ్ళెం తీసేశాను". ఆమెకు పేరు తెచ్చిన పాటే. ఇంటికి రాని మొగుడి కోసం రోజూ బల్ల మీద పళ్ళెం పెట్టే ఆడది ఒకరోజు ఆ పళ్ళెం తీసేస్తుంది, అంతే కథ. అప్పట్లో దాన్ని రికార్డు చేసిన రోజు, మాటలు అక్కడితో అయిపోయాక ఆమె వెనక వాయించే హోబర్ట్ స్లోన్ స్టీల్ గిటార్ అందుకున్నాడు. బల్లలా పరిచిన తంతుల మీద ఎడమచేత్తో ఇనుప కడ్డీ జారుస్తూ, మోకాళ్ళతో మీటలు నెడుతూ, పాటలో ఆడది నోరు విప్పి చెప్పనిదంతా అతను చెప్పాడు. అది ఏడుపు కాదు, తిట్టు. పళ్ళాలు పగిలినట్టు ఉంది.

మేస్‌కు అది నచ్చలేదు. "ఆడది ఏడుస్తుంటే ఈ ఇనప ముక్క తిడుతుందేంటయ్యా?" అన్నాడు. రికార్డు తయారయ్యేటప్పుడు హోబర్ట్ మొదటి సంగతి దాటగానే శబ్దాన్ని మెల్లమెల్లగా దించేసి పాటను మాయం చేశాడు. అసలు టేపు మీద కంపెనీవాళ్ళు ఇంకెవరిదో పాట ఎక్కించేసుకున్నారు. ఆ రోజు స్టూడియోలో ఉన్నవాళ్ళు తప్ప హోబర్ట్ వాయించినదాన్ని ఈ లోకంలో విన్నవాడు లేడు.

ఆ తర్వాత హోబర్ట్ ఊరికి వచ్చి స్కూలు బస్సు నడిపాడు. అతను క్షౌరశాలలోకి అడుగు పెడితే చాలు, ఎవడో ఒకడు "హోబర్ట్ వస్తున్నాడు, సౌండు తగ్గించండ్రోయ్!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. హోబర్ట్ కూడా నవ్వేవాడు. అతను అలా నవ్వడమే వెల్డాకు అన్నిటికంటే మంట. ఇప్పుడు అతని ఎడమచేతికి వణుకు పట్టుకుంది. చలికాలానికల్లా కడ్డీ పట్టుకోవడం కూడా కష్టమేనని డాక్టరు చెప్పాడు. ఆ చెయ్యి పడిపోయేలోగా ఒక్కసారి, పాట చివరిదాకా వినబడాలి. వెల్డాకు కావలసింది అదొక్కటే.

హోబర్ట్ మధ్యాహ్నం వచ్చాడు. కొట్టం నిండా ఉక్క. బేసు, డ్రమ్ము వాయించే అన్నదమ్ములిద్దరూ చొక్కాలు విప్పేసి కూర్చున్నారు.

"వణుకుతున్నావు," అంది వెల్డా.

"మంచిదేగా. స్వరం ఊగాలంటే ఒకప్పుడు చెయ్యి ఊపాల్సొచ్చేది. ఇప్పుడు దానంతట అదే ఊగుతోంది," అన్నాడు హోబర్ట్.

"నవ్వకు. నువ్వు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది."

"నీకు మండనిదేముంది పిల్లా? ఐస్ వేసిన టీ తాగినా మండుద్ది నీకు."

"ఆ రోజు స్టూడియోలో ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేది నీకు? కుర్చీ ఎత్తి ఆ మేస్ గాడి నెత్తిన వేసుంటే?"

"వాయించానుగా," అన్నాడు హోబర్ట్. "అనాల్సిందంతా అందులోనే అన్నాను. వాడు మూసేశాడు. ఇంకేం అనను?" ఈసారి అతను నవ్వలేదు. వేళ్ళకు తంతులు మీటే ఇనుప గోళ్ళు తొడుక్కుంటూ, "ఒక్కసారే వాయిస్తాను వెల్డా. ఈ మోకాళ్ళు రెండోసారికి లేవవు. ముందే చెప్తున్నా," అన్నాడు.

టేపు దగ్గర కూర్చున్నవాడు డెల్మర్. రేడియో స్టేషన్లో తల నెరిసేదాకా పనిచేసి, స్టేషన్ మూతబడ్డాక టేపు మిషనుతోపాటే వచ్చినవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రీలు తిప్పి, తలూపాడు.

వెల్డా పాడింది. మేస్ పెట్టిన శ్రుతిలో కాదు, దానికి బాగా కింద, తన శ్రుతిలో. గొంతు వణికించలేదు. పళ్ళెం తీసేశానంటే తీసేశాను అన్నట్టు పాడింది. చివరి మాట అయిపోగానే మైకు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసి హోబర్ట్ వైపు చూసింది.

కడ్డీ జారింది. మొదటి సంగతి అందరికీ తెలిసిందే. రెండోది అక్కడున్నవాళ్ళలో వెల్డా తప్ప ఎవరూ విననిది. అది మెట్టు మెట్టుగా పైకి లేచింది, తిరగబడింది, మళ్ళీ మొదటికొచ్చి ఇంకా గట్టిగా నిలదీసింది. వణికే చేతిలోంచి ఇన్నేళ్ళ మాట బయటికొస్తోంది. వెల్డా కళ్ళు తుడుచుకోవడానికి తల తిప్పితే డెల్మర్ కనబడ్డాడు.

డెల్మర్ కళ్ళు మూసుకుని, తన్మయంగా తలూపుతూ, మొత్తం శబ్దాన్ని పెంచి దించే పెద్ద మీటను వేలితో కిందికి లాగుతున్నాడు. మెల్లగా, నున్నగా, రేడియోలో ఈ పాటకు ఈ చోట జీవితమంతా లాగినట్టే. మిషను మీద శబ్దం ఎంతుందో చూపే ముల్లు పడుకుండిపోయింది. కొట్టంలో హోబర్ట్ మోగుతూనే ఉన్నాడు. టేపు మీదికి మాత్రం ఏమీ వెళ్ళడం లేదు.

"తియ్యి చెయ్యి! తియ్యరా వెధవా, తియ్యి!"

రెండంగల్లో వెళ్ళి అతని చేతి మీద ఒక్కటిచ్చి, మీటను అరచేత్తో పైకి తోసేస్తూ "తియ్యరా వెధవా!" అని మళ్ళీ అరిచింది. ముల్లు దిగ్గున లేచింది. అన్నదమ్ములు బిత్తరపోయారు గానీ వాయించడం ఆపలేదు. హోబర్ట్ ఒక్కసారి తలెత్తి చూశాడు. మీట మీద ఆమె చెయ్యి చూశాడు, విషయం అర్థమైంది. పళ్ళు బిగించి, తల వంచి, అంతకు ముందుకంటే పైనుంచి అందుకున్నాడు. ఆ కోపం చివర్దాకా దిగలేదు. ఆఖరి స్వరం చల్లారేదాకా వెల్డా ఆ మీటను వదల్లేదు.

రీలు ఆగాక డెల్మర్ మొహం పాలిపోయింది. "నేను కావాలని చెయ్యలేదు వెల్డమ్మా. చెయ్యి దానంతట అదే పోయింది. ఆ చోటు రాగానే..."

"మేస్ చచ్చాడు గానీ వాడి చెయ్యి చావలేదు! నీ భుజానికి వేలాడుతోంది! నా కొట్టంలో, నా టేపు మీద!" ఆమె కాలితో తన్నిన తన్నుకు టీ కూజా దొర్లిపోయింది. "ఎవరూ దించకుండా ఉండాలనే కదా ఇంత చేసింది? దేవుడా, ఒక్క పాట! ఒక్క మనిషి చివరిదాకా వినబడ్డం అంత కష్టమా ఈ లోకంలో?"

"మళ్ళీ ఒకసారి..." అని నసిగాడు డెల్మర్.

హోబర్ట్ ఆ ఇనుప గోళ్ళు ఊడదీస్తున్నాడు. ఎడమచెయ్యి ఒళ్ళో పడి, పట్టుకున్న పిట్టలా కొట్టుకుంటోంది. "అయిపోయింది," అన్నాడు. "లేదు ఇంక."

వెల్డా ముక్కు చీది, "వెయ్యి. ఎంత పాడుచేశావో విందాం," అంది.

డెల్మర్ రీలు వెనక్కి తిప్పి వేశాడు. పాట బాగుంది. మొదటి సంగతి వచ్చింది. దాని వెనకే శబ్దం దిగడం మొదలైంది, అచ్చం పాత రికార్డులో లాగే. హోబర్ట్ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. ఆ పాట ఎక్కడ వినబడినా, బస్సులో అయినా క్షౌరశాలలో అయినా, సరిగ్గా ఇక్కడే రేడియో కట్టేయడమో బయటికి వెళ్ళిపోవడమో చేసేవాడు. స్టీల్ గిటార్ సన్నబడింది, చీమంత అయింది, పోయింది. మిషను బుస తప్ప ఏమీ లేదు.

తర్వాత ఎక్కడో దూరంగా, వెల్డా తెరిచి వదిలేసిన మైకులోంచి, "తియ్యరా వెధవా!" అన్న అరుపు. దాని వెంటే కొట్టం కప్పు లేచిపోయేలా హోబర్ట్ స్లోన్ తిరిగి వచ్చాడు.

అతను సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు. డెల్మర్ నోరు తెరిచాడు. "దీన్నిలాగే పంపితే... కంపెనీవాళ్ళు తప్పనుకుంటారు వెల్డమ్మా. తిట్టు కూడా ఉంది."

"అనుకోనీ. తిట్టుతో సహా పంపు. ఒక్క అంగుళం కత్తిరించావో, ఆ వేలు విరిచేస్తాను," అంది వెల్డా. ఆమె కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

హోబర్ట్ మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. వణికే చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. పాట ఇంకా మోగుతూనే ఉంది, ఇంకా చాలా ఉంది.

"డెల్మర్," అన్నాడు. "సౌండు పెంచు."