తోలు మందం గింజలు

తంగేడును విత్తి పెంచే మనిషిని మా ఉదయగిరి సీమలో నేనింతవరకూ చూడలేదు. గట్టు మీద దానంతటది లేస్తుంది, మేకలు కూడా దాని జోలికి పోవు. అలాంటిదాన్ని మా వదిన దేవకమ్మ పెయింటు డబ్బాలో మట్టి పోసి నాటుతుంటే నవ్వకుండా ఎట్లా ఉంటాను? రేపు జిల్లేడుకు కూడా ఎరువు వేస్తావా అని అడిగాను.

ఆమె బాధ ఆమెది. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే తంగేడుపూల కషాయం తాగనిదే ఆమెకు తెల్లవారదు. మోకాళ్లు పట్టేశాక కొండదాకా పోలేకపోయింది. ఇంటి ముందర ఒక పొద ఉండేది. దుత్తలూరు రోడ్డు వెడల్పు చేసినప్పుడు జేసీబీ దాన్ని పెకలించింది. కోడలు మధులతను పూలకు పంపడం ఆమెకు ఇష్టం లేదు. తన పూలు తన చేత్తోనే కోసుకోవాలి. ఆ పొద కాయల్లోంచి దాచిన గింజలు రెండుసార్లు చల్లితే ఒక్కటీ మొలవలేదు. ఇక మిగిలినవి ఎనిమిదే.

నేనూరుకున్నానా?

"వాటికి తోలు మందం వదినా. దెబ్బ పడితేగాని కదలవు. మా తాత కాలంలో గింజ ఒకటి కోట మీది ఫిరంగిలో ఇరుక్కోనుంటే ఎవరో పేల్చినారు. అది సోమశిల కాడ పండుకోనున్న ఎద్దు వీపున పడి మొలిచింది. ఆ ఎద్దు పూలతోనే దుక్కి దున్నింది."

ఆమె నవ్వలేదు. మర్నాడు పోయి చూస్తే, రోట్లో ఇసక పోసి ఆ ఎనిమిది గింజల్నీ పొత్రంతో రుద్దుతోంది. అదంతా ఉత్తదే, ఆపమన్నాను.

"ఫిరంగి ఉత్తదని నాకు తెలవదా? తోలు మందమన్నావే, అది నిజం. నీ మాటల్లో రాళ్లు ఏరేస్తే ఒకటో రెండో గింజలు దొరకతాయిలే."

రుద్దినవాటిని వేన్నీళ్లలో ఒక పూట నానబెట్టి నాటింది. ఆనాటినుంచి మజ్జిగకనో పేపరుకనో రోజూ వాళ్లింటికి పోయేవాణ్ణి. డబ్బాలో మట్టి తప్ప ఏమీ లేదు. ఆత్మకూరు బస్సులో ఒక్క కథా చెప్పకుండా కూర్చుంటే, ఒంట్లో బాగలేదా పెద్దాయనా అని కండక్టరు అడిగాడు.

తొమ్మిదో రోజు అరుగు మీద డబ్బా లేదు. పారబోసిందనుకున్నాను. పెరట్లో కోళ్లకు అందకుండా గంప బోర్లించి ఉంది. వదిన గంప ఎత్తింది. లేతాకులు విప్పుకుని మొలకలు నిలబడి ఉన్నాయి.

"ఏడు లేచినాయి. ఎనిమిదో దాన్ని ఎవరో వేలు పెట్టి కెలికినారు."

ఎలకలయి ఉంటాయన్నాను.

"అయ్యుంటాయిలే మాల్యాద్రీ," అంటూ మట్టిలోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "మా ఇంటి ఎలకలు ఈమధ్య బీడీలు కూడా తాగతా ఉండాయి."