ఆఁ, వస్తన్నా

గొర్రెల దొడ్డి ఊడ్చి నాగజ్యోతి లోపలికి వచ్చేసరికి ఉషారాణి టీచర్ కొత్త నాటకం ఫోన్‌లో వచ్చి ఉంది. ఇంకా సగమేనట. "చదివి చెప్పు జ్యోతీ, గోవిందమ్మ వేషం మళ్లీ నీదే" అని కింద రాసింది.

హాజరు పిలిస్తే గొంతు పెగలని పిల్ల నాగజ్యోతి. అలాంటిది నిరుడు బడి వార్షికోత్సవంలో, టీచర్ రాసిన మొదటి నాటకంలో, గోవిందమ్మగా నిలబడి బిందె దించి, "నాకూ కాళ్లుండాయి, మీకూ ఉండాయి. దాహమైనోళ్లు లేచి తెచ్చుకోండి" అంది. ఊరంతా చప్పట్లు కొట్టింది. నాయన యల్లయ్య కూడా కొట్టాడు. ఇంటికొచ్చాక "ఏమ్మే, నీళ్లు" అన్నాడనుకో, అది వేరే సంగతి. పది పాసయ్యాక మార్కాపురంలో ఇంటర్ చదువుతానంటే, "మీ అమ్మకు చేతికింద ఎవురుంటారు?" అని ఒక్కమాటతో తేల్చేశాడు. మళ్లీ అడగాలంటే గోవిందమ్మ గొంతు కావాలి. కొత్త నాటకం కోసం అందుకే అంత ఎదురుచూసింది.

తీరా చదివితే గోవిందమ్మ ఇలా మాట్లాడుతోంది: "ఇన్నేండ్లు ఈ ఇంట్లో నా మాట ఆఁ వస్తన్నా నీళ్లు కాగినాయి తువ్వాల తలుపు మీదుంది ఎవరన్నా విన్నారా? నేను మనిషిని కాదా అని అడుగుతున్నా ఉప్పు సరిపోయిందా."

నాగజ్యోతి అక్కడితో చదవడం ఆపేసింది.

ఉప్పు సరిపోయిందా అని అడిగే గోవిందమ్మా! నాగజ్యోతికి ఏడుపొచ్చింది. టీచర్‌కి ఏమైంది? లేక నిరుటి గోవిందమ్మే అబద్ధమా? ఈ వేషం నేను కట్టను అని చెప్పేద్దామని టీచర్ ఇంటికి బయలుదేరింది. దారి పొడవునా ఆ మాటే వల్లించుకుంది.

టీచర్ పొయ్యి దగ్గరుంది. పోపుల డబ్బాకు ఆనించిన ఫోన్‌తో, "గోవిందమ్మ తలెత్తి చూస్తుంది" అంటోంది. లోపలి గదిలోంచి ఆమె భర్త మురళీకృష్ణ సార్ కేకేశాడు. "ఉషా, నా కళ్లద్దాలేవి?"

"ఆఁ, వస్తన్నా."

ఫోన్ మీద గోవిందమ్మ పక్కన ఆ మాట కూడా పడింది.

నాగజ్యోతి వేలుపెట్టి చూపించింది. టీచర్ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. "అయ్యో తల్లీ, అవి నా మాటలే, గోవిందమ్మవి కావు! రాసేదానికి చేతులేడ ఖాళీగుండాయి? నోటితో చెప్తే ఫోనే రాసుకుంటాది. దిద్దకుండా పంపినా."

"మా ఆమె నాటకం రోజూ మా ఇంట్లోనే. టికెట్ గూడా లేదు" అన్నాడు సార్ లోపల్నించి. ఈసారి టీచర్ నవ్వలేదు. కళ్లద్దాలు వెతికిచ్చి వచ్చి, "నా మాటలన్నీ తీసేసి పంపు జ్యోతీ. గోవిందమ్మ ఎట్ల మాట్లాడతాదో నీకు తెలుసు గదా" అంది.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. గోవిందమ్మ వంగిపోలేదు, సంతోషించాలి కదా, ఎందుకో సంతోషం రాలేదు. 'ఆఁ వస్తన్నా' తీసేసింది. ఉప్పు తీసేసింది. 'కాళ్లు పీకుతున్నాయి, ఎవురికి చెప్పుకోను' దగ్గర వేలు ఆగింది. ఇది ఎవరిది? గోవిందమ్మదా, టీచర్‌దా? 'నాకూ ఒక గది ఉంటే తలుపేసుకుని కూచుందును.' ఇదో? అన్నీ తీసేస్తే మిగిలే గోవిందమ్మ ఏ ఇంట్లో ఉన్నట్టు? ఎంత ఆలోచించినా తెగలేదు.

గొర్రెలు దొడ్డిలోకి మళ్లాయి. చేతికర్ర గోడకానించి యల్లయ్య కేకేశాడు. "జ్యోతీ, నీళ్లు!"

"ఆఁ, వస్తన్నా నాయనా."

అని, అలాగే ఆగిపోయింది. నిరుటి మాటలు నెలరోజులు బట్టీ పడితే గానీ నోటికి రాలేదు. ఈ మాట తనకు ఎవరూ నేర్పలేదు.

ఫోన్ తీసి, చెరిపేసిన చోటే, గోవిందమ్మ పేరు కిందే, మళ్లీ రాసింది: ఆఁ, వస్తన్నా.

చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఇచ్చింది. యల్లయ్య తాగి ఖాళీ చెంబు చాపాడు. నాగజ్యోతి అందుకోలేదు. నోట వచ్చిన గొంతు గోవిందమ్మ గొంతులా లేదు.

"నాయనా, నేను మార్కాపురం పోతా."