నేను విప్పని ఆరు

"వంటయ్యాక ఆ రెగ్యులేటర్లు కాస్త తుడిచి పెట్టెయ్," అంటారు మా ఆయన. పదకొండేళ్ళుగా ఇదే మాట. తుడవడమట! సముద్రంలోకి దిగేవాళ్ళు ఒక కొస సిలిండర్‌కి బిగించి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చుకునే పరికరం అది. ఏడాదికోసారి దాన్ని పూర్తిగా విప్పాలి. ఉప్పు పట్టిన ఇత్తడి ముక్కల్ని మందునీళ్ళలో నానబెట్టాలి. చిటికెన వేలి గోరుకన్నా చిన్న రబ్బరు రింగుల్ని ఒక్కొక్కటీ తీసి కొత్తవి వెయ్యాలి. మళ్ళీ బిగించి, గేజ్ తగిలించి, ముల్లు ఒకచోట నిలబడిందా లేదా చూడాలి. నిలబడితే మంచిదే. నిలబడకుండా మెల్లగా పైకి పాకుతోందంటే లోపల సీటు, అంటే గాలికి అడ్డుపడే బిళ్ళ, అరిగిందన్నమాట. అలాంటిది నీళ్ళ కింద ఏదో ఒక క్షణాన గాలిని ఆపలేక బయటికి కక్కేస్తుంది, చూస్తుండగానే సిలిండర్ ఖాళీ అయిపోతుంది. ఇంత పనిని మా ఇంట్లో తుడవడం అంటారు.

ఈ సర్వీసు కోర్సుకి వెళ్ళింది ఆయనే. మూడు రోజులు నేర్చుకుని, సర్టిఫికెట్ తెచ్చి మా డైవింగ్ షాపు గోడకి తగిలించారు. వచ్చిన వారానికే ఒకటి విప్పి, మళ్ళీ బిగిస్తే నాలుగు ముక్కలు మిగిలాయి. "ఇది ఓపికున్న పని, ఆడవాళ్ళకే బాగుంటుంది," అని లేచి వెళ్ళిపోయారు. ఆ నాలుగు ముక్కలూ ఎక్కడివో పుస్తకంలో బొమ్మలు చూసి కనిపెట్టడానికి నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. "పొయ్యి మీద పాలు పెట్టి ఆ ఇనప ముక్కలతో ఆటలేంటి?" అని అత్తగారు. పాలూ పొంగిపోలేదు, పనీ వచ్చేసింది. అప్పటినుంచీ నెలకో ఆదివారం ఆయన కాలు మీద కాలు వేసుకుని, ఖాళీ సర్వీస్ కార్డుల మీద ఒక ముప్పై సంతకాలు చేసి ఇస్తారు. నేను ఒక్కో రెగ్యులేటర్ పూర్తిచేసి, కార్డు మీద తేదీ వేసి, దారంతో కట్టి రెండు ముడులు వేస్తాను. గోడకి అవతల షాపులో ఆయన గొంతు వినబడుతుంటుంది: "సర్వీసు విషయంలో నేను ఎవర్నీ నమ్మనండీ, స్వయంగా చేస్తా." కోపం రాదా అంటే, వస్తుంది. వచ్చి, వెనక గదిలో ఎవరో పిలిస్తే పోతుంది.

పోయిన వారం అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటికి ఆపరేషన్. ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కన ఐదు రోజులు స్టూలు మీదే ఉన్నాను. ఆయన రోజూ సాయంత్రం వచ్చి పది నిమిషాలు నిలబడి, నర్సుని రెండు ప్రశ్నలు అడిగి, "అమ్మని చూసుకోలేక ఛస్తున్నాను" అని ఫోన్లో ఎవరితోనో చెప్పుకుంటూ వెళ్ళేవారు. ఇవాళ పొద్దున ఇంటికి తీసుకొచ్చాం. ఆవిడ్ని పడుకోబెట్టి, మందులిచ్చి, వెనక వరండాలోకి వెళ్ళాను. రేపటి కొత్త బ్యాచ్ కోసం పన్నెండు సిద్ధం చెయ్యాలి. ఆవిడ పడిన రోజుకి ఆరు పూర్తిచేసి, మిగతా ఆరూ నీలం టబ్బులో వదిలి ఆసుపత్రికి పరిగెత్తాను. ఇప్పుడు టబ్బు ఖాళీ.

షాపులోకి వెళ్ళి చూస్తే పన్నెండూ కొక్కేలకి వరసగా వేలాడుతున్నాయి. అన్నిటికీ కార్డులు, అన్నిటి మీదా ఆయన సంతకం, తేదీ. ఆరింటి దారానికి ఒక్కటే ముడి.

ఒంటి ముడి వేసినవాటిలో ఒకటి తీసి సిలిండర్‌కి బిగించి గేజ్ పెట్టాను. ముల్లు ఆగినట్టే ఆగి, పాకడం మొదలెట్టింది. రెండోది నిలబడింది. మూడోది మళ్ళీ పాకింది. రేపు వాటిని నోట్లో పెట్టుకునేవాళ్ళు జీవితంలో మొదటిసారి సముద్రంలో దిగేవాళ్ళు. భయమేస్తే ఏం చెయ్యాలో కూడా తెలియనివాళ్ళు.

"ఇవి విప్పనేలేదు కదండీ?" అని షాపులోనే కూర్చున్న ఆయన్ని అడిగాను.

"బాగానే ఉన్నాయి. పైన ఒకసారి తుడిచా."

"ముల్లు నిలబడట్లేదు."

"నీ చాదస్తం పాడుగాను! ఇన్నేళ్ళలో మన రెగ్యులేటర్ వల్ల ఎవరికైనా ఏమైనా అయ్యిందా?"

కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో ఆయనకి ఒక్కసారి కూడా అనుమానం రాలేదే! ఈ ఇంట్లో నేను చేసే పనులన్నీ ఇంతే. గ్యాస్ అయిపోకముందే సిలిండర్ వస్తుంది, చిరగకముందే చొక్కాకి కుట్టు పడుతుంది, అత్తగారికి బీపీ మాత్ర వేళ తప్పదు. ఏమీ జరగకపోవడమే నా పని. ఏమీ జరగలేదు కాబట్టి నేనేమీ చెయ్యలేదని లెక్క.

అంతలో ట్రైనర్ అమ్మాయి వచ్చింది. రేపటి బ్యాచ్‌ని నీళ్ళలోకి దించేది ఆమే. మా ఆయన్ని అన్నా అంటుంది, నన్ను వదినా అంటుంది. బ్యాగులు కింద పెట్టి, "అన్నీ అయ్యాయా అన్నా?" అంది.

"కార్డులు చూడమ్మా. నా సంతకం ఉన్నాక అనుమానమేంటి?"

ఒకటి తెలుసు నాకు. ఇప్పుడు నోరు విప్పితే ఆరింటితో ఆగదు. ఆ కార్డుల మీద సంతకం ఆయనదే, కానీ పదకొండేళ్ళుగా తేదీలు వేసి కట్టిన చెయ్యి నాది. ఈ అబద్ధంలో నాకూ వాటా ఉంది. ఆమె మొదటి రెగ్యులేటర్ బ్యాగులో పెట్టింది. రెండోదానికి చెయ్యి చాపింది.

"ఆరింటికి సర్వీసు జరగలేదమ్మా," అన్నాను.

"అది ఆసుపత్రిలో నిద్రలేక ఏదో వాగుతోంది," అని ఆయన నవ్వేశారు. "దానికేం తెలుసు, తుడుస్తుందంతే."

ముల్లు పాకిన దాన్నే మళ్ళీ బిగించి, గేజ్ ఆమె వైపు తిప్పాను. ఆమె చూసింది. కొక్కేల మీదివన్నీ తీయించింది, బ్యాగులోది కూడా. ఒక్కొక్కటీ తనే గేజ్ పెట్టి చూసింది. రెండు ముడులు వేసినవి ఆరూ రాయిలా నిలబడ్డాయి. మిగతావాటిలో నాలుగు పాకాయి.

"మరి ఇవి చేసిందెవరు?" అంది, నిలబడ్డ ఆరింటినీ చూపిస్తూ.

"నేను. ఇప్పుడే కాదు, ఎప్పుడూ నేనే."

మెచ్చుకుంటుందని నాకు లోపల ఎక్కడో ఆశ. "చాలా బాగా చేశావు వదినా. కానీ తీసుకెళ్ళలేను. చేసినవాళ్ళ పేరు ఒకటి, రాసినవాళ్ళ పేరు ఇంకొకటి అయితే నేను దేన్ని నమ్మి మనుషుల్ని దించను? రేపటి బ్యాచ్ ఆపేస్తాను. జరిగింది రాసి మా డైవింగ్ సంస్థలో పైవాళ్ళకి పంపాలి కూడా." చెంప మీద కొట్టినట్టయింది. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు.

"కొంప ముంచావు కదే!" అన్నారు ఆయన. "నీకేం లోటు చేశానని? ఇల్లు నడిచేది దేనిమీద అనుకున్నావ్?"

"సర్వీసు కోర్సు మళ్ళీ ఎప్పుడుందమ్మా?" అని ఆమెనే అడిగాను.

"వచ్చే నెల మొదటి వారం. మూడు రోజులు."

"నా పేరు రాయించు."

ఆమె నా పూర్తి పేరు అడిగింది. ఇన్నేళ్ళలో ఆ షాపులో నా పేరు అడిగిన మొదటి మనిషి. చెప్పాను. ఫోన్లో రాసుకుని, ఖాళీ బ్యాగులు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "మరి మూడు రోజులు అమ్మని ఎవరు చూస్తారు?" అన్నారు.

"మీరు."

"నాకేం వచ్చు? పక్క మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, ఇవన్నీ నా వల్ల అయ్యే పనులా?"

లోపలినుంచి అత్తగారు నన్ను పిలుస్తున్నారు. వాచీ చూశాను, పక్క మార్చే వేళయింది. ఎప్పటిలా ఒక్కదాన్నే లోపలికి వెళ్ళలేదు. గుమ్మం దగ్గర ఆగి, ఆయన వైపు తిరిగాను.

"రండి, నేర్పిస్తాను. ముందు చేతులు కడుక్కోండి."