మా ఆవిడ అలసిపోయింది

“బుర్గీ, నువ్వు నా వెనకాలే నడు,” అన్నాడు గైడు క్విరిన్.

మొదటి రోజు పొద్దున, మంచు ఇంకా గట్టిగా ఉండగా అన్న మాట అది. బుర్గీ పొంగిపోయింది. పొంగిపోక ఏం చేస్తుంది? యాభై తొమ్మిదేళ్ల మనిషి. పద్నాలుగు గదుల అతిథిగృహంలో దుప్పట్లు ఉతికి, రొట్టెలు కోసి, అత్తగారిని ఆఖరిదాకా సాకిన మనిషి. గైడంతటివాడు పిలిచి మరీ తన వెనక చోటిచ్చాడు. పైకెళ్లాక కొండల్లో ఎవరూ ఎవర్నీ ‘మీరు’ అనరు గనక, కొడుకు వయసువాడు నువ్వనడం కూడా ఆమెకు హాయిగానే ఉంది. జట్టంతా కలిపి నలుగురే. ముందు క్విరిన్, అతని వెనక బుర్గీ, ఆమె వెనక భర్త కాసియన్, చివర రోస్విత అనే బడిపంతులమ్మ. స్కీల మీద పొద్దున్నే హిమానీనదం ఎక్కడం, మధ్యాహ్నానికల్లా ఒక కొండ విడిది చేరి వేడి సూప్ తాగడం, మర్నాడు ఇంకో విడిదికి పోవడం. మూడో రోజున పెద్ద కనుమ దాటాలి.

ఆ కనుమ కోసమే ఆమె వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లుగా దాన్ని దాటేవాళ్లకి ఆమె వంటింట్లోంచే రొట్టె, పొగబెట్టిన మాంసం పొట్లాలు వెళ్లేవి. వారం పోయాక వాళ్లు ముఖాలు కమిలిపోయి తిరిగొచ్చి, అవతలివైపు మంచు నీలంగా ఉంటుందని ఒకరు, కాదు ఆకుపచ్చని ఒకరు కొట్టుకునేవాళ్లు. ఏ రంగో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒక ఏడు అత్తగారి తుంటి విరిగింది, ఒక ఏడు వంటమనిషి మానేసింది, ఒక ఏడు ఏమీ లేకపోయినా ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అన్నాడు కాసియన్. ఈ ఏడు చిన్న కూతురు వంటిల్లు చూసుకుంటానంది. ఆమె రెండు కాగితాల నిండా ఏవి ఎక్కడున్నాయో రాసిపెట్టి మరీ బయల్దేరింది.

మొదటి విడిదిలో పొయ్యి పక్కన ఆమె రెండు జతల నూగు పట్టీలు ఆరేస్తోంది. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించుకునే పట్టీలు అవి. ఒక జత తనది, ఒక జత కాసియన్‌ది. అతని మేజోళ్లు కూడా తనే ఆరేసింది. పక్కన రోస్విత తన పట్టీలు దులుపుతూ అడిగింది.

“నీకు మోకాలు గానీ నొప్పా బుర్గీ?”

“లేదే. ఏం?”

“ఏం లేదు. నా మోకాలికి ఆపరేషనైన ఏడు నన్నూ అక్కడే నడిపించాడు. నీరసంగా ఉన్నవాళ్లని గైడు తన వెనకాలే పెట్టుకుంటాడు కదా. వాళ్ల ఊపిరి వినపడాలి, దాన్నిబట్టి అతను అడుగు వెయ్యాలి.”

బుర్గీ చేతిలో మేజోడు చేతిలోనే ఉండిపోయింది.

ఆ పూటనుంచి పట్టుకుంది అనుమానం. నేను నీరసంగా ఉన్నానని ఎవరు చెప్పారు ఇతనికి? నా ముఖంలో ఉందా? మొదట రోస్వితనే అనుమానించింది; చివర్లో నడవడం ఇష్టంలేక తన చోటు కావాలనుకుందేమో. తర్వాత క్విరిన్‌ని అనుమానించింది. లావుగా ఉన్న ఆడదాన్ని చూసి ఇది ఎక్కలేదని లెక్కేసుంటాడు. ఆఖరికి తననే అనుమానించుకుంది. రెండో రోజు పొద్దున ఎక్కుతూ అడుగడుక్కీ తన ఊపిరి తనే విన్నది. పిండి పిసికేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. తడిసిన దుప్పట్ల బుట్ట మూడో అంతస్తుకి మోసేటప్పుడు ఇంతకంటే ఎక్కువే రొప్పుతుంది.

అరగంట నడిచారో లేదో, వెనకనుంచి కాసియన్ గొంతు.

“ఆగు క్విరిన్! మా ఆవిడ అలసిపోయింది.”

క్విరిన్ ఆగాడు. అందరూ ఆగారు. “పర్లేదు బుర్గీ, తొందరేం లేదు,” అని టీ తాగమన్నాడు. ఆమె తాగింది. ఇంకో అరగంటకి మళ్లీ అదే మాట. మంచు పగుళ్లున్న చోట నలుగురినీ ఒకే తాడుకి కట్టి నడిపించాడు క్విరిన్. అక్కడ కూడా, తాడు బిగిసిన ప్రతిసారీ, “మా ఆవిడ... మా ఆవిడకి...”

అప్పుడామె ఒక పని చేసింది. నిటారుగా ఉన్న వాలు ఎక్కుతూ, చర్చిలో పాడే మరియమ్మ పాట అందుకుంది. కూనిరాగం కాదు, గొంతెత్తి. రెండు చరణాలు పాడి మూడోది మొదలెట్టేసరికి వెనకనుంచి కేక వచ్చింది.

“ఆగవయ్యా క్విరిన్! మా ఆవిడకి ఊపిరాడట్లేదు!”

క్విరిన్ వెనక్కి తిరిగాడు. బుర్గీ పాడుతూనే ఉంది. అతను ఆమె ముఖం చూశాడు, ఆ తర్వాత ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఆమె కూడా తిరిగి చూసింది. కాసియన్ రెండు కర్రల మీదా బరువంతా వేసి వంగిపోయాడు. పెదాలు పాలిపోయాయి. అరవై ఆరేళ్ల వెన్ను గాలికోసం లేచి లేచి పడుతోంది. చివర్లో రోస్విత మంచుకేసి చూస్తూ నవ్వు ఆపుకుంటోంది.

తర్వాత రెండు గంటలూ ఎక్కుతూ బుర్గీ ముప్పై ఒక్క ఏళ్లు ఒక్కొక్కటే బయటికి తీసి చూసింది. పేకాటలో పోతున్నప్పుడల్లా, “లేస్తానర్రా, మా ఆవిడకి నిద్రొస్తోంది.” పక్కవాళ్లు ట్రాక్టరు అడిగితే, “నాకేం, మా ఆవిడ ఒప్పుకోదు.” పిన్ని కూతురి పెళ్లిలో, ఆమె కాళ్లు డాన్సు మీదుండగానే, “బుర్గీ, నువ్వు అలసిపోయావు, పద.” తమాషా ఏమిటంటే, ఆ మాట అన్నాక ఆమెకి నిజంగానే కాళ్లు లాగేవి. అత్తగారు క్రెసెంజ్ ఎవరొచ్చినా చెప్పేది: “గాలికి ఎగిరిపోయే పిల్లని తెచ్చుకున్నాడు మా వాడు. దీనివల్ల నలుగురిలో కాసేపు కూచోలేకపోతున్నాడు.” ఆ మాట వింటూ, నీళ్లు కారే దుప్పట్ల బుట్ట ఎత్తుకుని వాళ్ల ముందునుంచే మేడెక్కేది బుర్గీ. ఊళ్లో ఆమె రోగిష్టిది, పిసినారిది, గర్విష్టిది. ఆయన మాత్రం మంచివాడు.

ఇవన్నీ పోనీ. కాసియన్ వాళ్ల అన్నయ్య మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. వెళ్దాం పద అని ఎన్నిసార్లంది! ‘రేపు, ఎల్లుండి’ అనే అన్నాడు కాసియన్. సమాధి చేసొచ్చాక భోజనాల దగ్గర ఆ అన్నయ్య భార్య, తన తోడికోడలు, బుర్గీ కంచంలో వడ్డిస్తూ, “తిను తల్లీ. నీకు వాసనలు పడవట కదా, ఇక్కడ ఆసుపత్రి వాసన లేదులే,” అంది. దుఃఖంలో ఏదో అంటోందనుకుంది బుర్గీ. పదకొండేళ్లయింది. ఆదివారం చర్చి బయట తోడికోడలు ఇంకా ముఖం తిప్పుకునే పోతుంది. ఎందుకో ఈ వాలు మీద, ఈ ఎండలో, ఇప్పుడు తెలిసింది.

ఒక్కసారి, ‘బుర్గీ, నాకు భయంగా ఉంది, అన్నని అలా చూడలేను’ అనుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది కదా. ‘నాకు ఆయాసంగా ఉంది’ అంటే అతని మూట కూడా తనే మోసేది కదా. ఇంటి చాకిరీ అంతా ఒక ఎత్తు, అతనికి సాకుగా బతకడం ఒక ఎత్తు. ఆ పనిలో ఉన్నట్టు ఆమెకి చెప్పనైనా చెప్పలేదు.

రెండింటికల్లా రెండో విడిది చేరారు. ఎండ బల్లల మీద పడుతోంది. విడిది నడిపే ఆవిడ పప్పు సూప్ పెట్టింది. బుర్గీ ఫ్లాస్కులో టీ పోయించుకోవడానికి వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆ పక్కనే బల్ల మీద విడిది పుస్తకం ఉంది. ఎవరు ఎక్కడికి పోతున్నారో అందులో రాసి వెళ్లాలి. ఎవరైనా కనపడకుండాపోతే ఎటు వెతకాలో తెలియాలి కదా. క్విరిన్ పెన్ను తీశాడు. కాసియన్ వచ్చి గొంతు తగ్గించి అన్నాడు:

“నలుగురని రాయకు. రేపు మా ఆవిడ కనుమ ఎక్కలేదు. చూస్తున్నావుగా. పాపం, నేనే దిగబెడతా. మీరిద్దరూ వెళ్లండి.”

“కాసియన్, నువ్వు జనవరిలోనే నాకు మెయిల్ రాశావు, మా ఆవిడకి ఊపిరి తక్కువ, మెల్లగా నడిపించమని,” అన్నాడు క్విరిన్ నెమ్మదిగా. “కానీ రెండు రోజుల్నుంచీ నేను వింటున్న ఊపిరి...”

“దాచుకుంటుందయ్యా. దానికి పంతం ఎక్కువ.”

బుర్గీ ఫ్లాస్కు మూత బిగించింది. వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

“నేను అలిసిపోలేదు,” అంది.

“బుర్గీ, నీ మంచికే చెప్తున్నా...”

“నేను అలిసిపోలేదు. నిన్నా లేదు, ఇవాళా లేదు. పిన్ని కూతురి పెళ్లిలోనూ లేదు. నాకు ఆసుపత్రి వాసన పడకపోవడం కూడా లేదు.”

ఆమె ఏం మాట్లాడుతోందని కాసియన్ అడగలేదు. అడక్కపోవడంతో ఆమెకి మిగిలిన కాస్త సందేహమూ తీరిపోయింది.

“నలుగురిలో నన్ను ఇలా...” అన్నాడు.

“నీ మాట నేను ఒక్కటీ అనలేదు కాసియన్. నా మాట చెప్పుకుంటున్నా.” క్విరిన్ వైపు తిరిగింది. “ఆ పెన్ను ఇలా ఇయ్యి నాయనా.”

పుస్తకంలో నోట్‌బుర్గా అని పూర్తి పేరు రాసింది. ఎక్కడికి అన్న చోట కనుమ పేరు రాసింది. అక్షరాలు పెద్దవిగా, కాస్త వంకరగా వచ్చాయి. పెన్ను కాసియన్ ముందు పెట్టింది.

“రేపు కిందికి ఒక జట్టు దిగుతోంది, తోడుంటారు,” అన్నాడు క్విరిన్ ఎటో చూస్తూ.

కాసియన్ పెన్ను తీసుకుని, తన పేరు రాసి, ‘కిందికి’ అని రాశాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో కోపం లేదు.

“మెల్లగా దిగు. మధ్యమధ్య కూచో. ఎందుకు దిగొచ్చావని ఊళ్లో అడుగుతారు,” అంది. “ఏం చెప్తావో నీ ఇష్టం. నా పేరు మాత్రం చెప్పకు.”