అన్నయ్య రంగులు

రంగులబాబు అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. నారింజ చొక్కాకి చిలకాకుపచ్చ కాలరు, నీలం ప్యాంటుకి ఊదా జేబులు, బూడిదరంగు కోటుకి గులాబీ చేతులు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి ఆ వేషంతో దర్జీ కొట్లో కత్తెర పట్టుకుని నిలబడితే, పనిలేనివాళ్ళు కూడా ఓసారి తొంగిచూసి పోయేవారు. ఎవరేమన్నా, "ఇది ఫ్యాషనురా అబ్బాయిలూ! మీకు అర్థం కావడానికి ఇంకో పదేళ్ళు పడుతుంది" అనేవాడు.

కొట్టు రంగులబాబుదీ, అతని తమ్ముడిదీ. అన్న గుడ్డ కత్తిరించి, దానికి తగ్గ దారం రీలు మిషను పక్కన పెట్టేవాడు. తమ్ముడు కుట్టేవాడు. అన్న బయటికెళ్ళినప్పుడు అన్నీ తమ్ముడే చూసుకునేవాడు. అతని కుట్టుకి వంక పెట్టిన నాథుడు లేడు.

నిజం చెప్పాలంటే, అన్న బట్టల్లో తమ్ముడికి అంత వింతేమీ కనిపించేది కాదు. జనం నవ్వుతున్నారే, అదీ అతని బాధ. ఒకరోజు పొద్దున ఎవరో కొట్టు ముందే పగలబడి నవ్వేసరికి ఒళ్ళు మండిపోయింది. "నీ వేషాలతో నా పరువు తీస్తున్నావు. రేపట్నుంచి మనిషిలా రా, లేకపోతే అసలు రాకు" అని నోరు జారాడు. అన్న తలవంచుకుని గుడ్డ కత్తిరించుకున్నాడు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి, అన్నం తిని నడుం వాల్చినవాడు మరి లేవలేదు.

రాకు అన్నాడు, రాలేదు. నెలన్నరగా ఆ మాటే తమ్ముణ్ణి పీక్కుతింటోంది.

పోనీ, నిజంగా రావడం మానేశాడా? అదీ లేదు! పట్టపగలే వస్తున్నాడు. తమ్ముడు అరలోంచి పన్నెండో నంబరు రీలు తీసి పెట్టుకుని, మిషనుకి చమురు వేసి తల తిప్పేసరికి అక్కడ ముప్ఫయ్యో నంబరు రీలు ఉంటుంది. అతని కంటికి రెండూ ఒకటే, అడుగున అంటించిన నంబరే వేరు. ట్రయల్ గది తెర వెనక కత్తెర ఆడిన చప్పుడవుతుంది. తెర తీస్తే అద్దంలో తన మొహమే, పాలిపోయి.

"ఇంకా కోపం పోలేదా అన్నయ్యా? తప్పయిపోయింది, చెంపలేసుకుంటాను, నా పని చెడగొట్టకు" అని ఖాళీ కొట్లో బతిమాలుకునేవాడు. మళ్ళీ తనకే చిర్రెత్తి, పన్నెండో నంబరే ఎక్కించి కుట్టేవాడు.

అన్న కత్తిరించి పెట్టిన గుడ్డలు అయిపోయాయి. అన్న పోయాక మొదటిసారి తనే కత్తిరించింది లెక్కల మాస్టారి కోటు. బల్ల మీద పెట్టిన చేతుల ముక్కలు కింద పడ్డాయి. తీసి పెట్టాడు. మళ్ళీ పడ్డాయి. గాలి లేదు, ఫ్యాను తిరగడం లేదు. మూడోసారి పడేసరికి భయంగా తెర వైపు చూశాడు. అయినా పళ్ళ బిగువున వాటిని తీసి, కోటుకి కుట్టేశాడు.

మర్నాడు మాస్టారు కోటు విప్పి చూసి నోరు వెళ్ళబెట్టాడు. "ఏమయ్యా, నేనేమన్నా నాటకంలో వేషం కడుతున్నానా? ఒళ్ళు గోధుమరంగు, చేతులు ఆకుపచ్చా?"

"అదేంటండీ! రెండూ ఒకే గుడ్డ కదా?" అన్నాడు తమ్ముడు.

మాస్టారు కోటు బల్ల మీద పడేసి, తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన మెట్లు దిగుతుంటే వదిన రొప్పుతూ ఎక్కివచ్చింది.

"నువ్వే గుడ్డ కత్తిరిస్తున్నావని ఇప్పుడే తెలిసి పరిగెత్తుకొచ్చాను. ఆలస్యమైపోయిందా?" అంటూ కోటు చేతిలోకి తీసుకుంది. దాన్ని మడత పెడుతూ, "నీకు కొన్ని రంగుల తేడా తెలియదు. చిన్నప్పట్నుంచీ అంతే" అంది.

"మరి ఇన్నేళ్ళూ..."

"రంగు పొరపాటైనప్పుడల్లా మీ అన్నయ్యే బట్ట ఇచ్చినవాళ్ళకి డబ్బిచ్చి, దాన్ని ఇంటికి తెచ్చి తనకి సరిపోయేలా విప్పి కుట్టించుకునేవాడు నాచేత. తెలిస్తే నువ్వు మళ్ళీ మిషను ముట్టుకోవని ఆయన భయం."

తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు. "ఆ రోజు నేనన్న మాట నీకు చెప్పాడా వదినా?"

"చెప్పాడు. అన్నం తింటూ ఒకటే నవ్వు. 'వాడు బట్టల గురించి ఎత్తేసరికి గుండె జారిపోయిందే! దొరికిపోయాననుకున్నా. ఏం లేదు, వట్టి కోపమే. వాడికింకా తెలియలేదులే' అన్నాడు. హాయిగా పడుకున్నాడు."

నెలన్నరగా అన్న కోపాన్ని ఎలాగో మోశాడు గానీ, ఆ నవ్వుని మోయడం తమ్ముడి వల్ల కాలేదు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. వదిన ఆపలేదు.

చాలాసేపటికి లేచి, మొహం తుడుచుకుని, ఆమె చేతిలోంచి కోటు తీసుకుని తొడుక్కున్నాడు.

"భుజాల దగ్గర పట్టేస్తోంది వదినా. కాస్త విప్పి కుట్టిపెడతావా? రేపు వేసుకోవాలి."